నిప్పుకు కులగోత్రాలు

అగ్నిదేవుడికి మనవి. జగిత్యాల మామిడి తోటల దిక్కు వచ్చే ముందు తమరు ఏ జాతి నిప్పో తేల్చుకుని రండి. పక్క పొలంలో కొయ్యకాళ్లకు పెట్టిన మంటా, తీగ నుంచి రాలిన నిప్పురవ్వా, అడవి దిగిన కార్చిచ్చా? కాలిందెంత అని ఇక్కడ తర్వాత అడుగుతారు.

పాత అగ్నిబీమా పాలసీలో పొదల మంటకు పరిహారముంది, అడవి మంటకు లేదు. పొద ఎక్కడ ముగిసి అడవి ఎక్కడ మొదలైందో నిప్పే సర్వే చేసుకోవాలి. 2021లో వచ్చిన భారత్ పాలసీలు అడవి మంటనూ కలుపుకున్నాయి, కానీ ఇళ్లకూ చిన్న పరిశ్రమలకూ మాత్రమే. ఫసల్ బీమాలో తనంత తాను పుట్టిన నిప్పుకే చోటు. 2020లో రాష్ట్రం ఆ పథకం నుంచే తప్పుకుంది కనుక ఆ బాధా లేకపోయింది.

తీగ తెగితే? కోరుట్లలో విద్యుత్ పంపిణీ సంస్థ ఎన్పీడీసీఎల్‌ను అడగాలి, సిరిసిల్లలో విద్యుత్ సహకార సంఘం సెస్‌ను. 2003 విద్యుత్తు చట్టం 161వ సెక్షన్ ప్రకారం మనిషికో పశువుకో ప్రాణం పోయినా, గాయమైనా ప్రమాదమని నోటీసు ఇవ్వాలి. గడ్డివాము కాలితే ఆ మాటే లేదు. బర్రె బతికే ఉంది కదా, దానికి మేత లేకపోతే చట్టానికేమిటి!

ఇక విపత్తు నిధి. 2022–26 లెక్కల ప్రకారం తోట 33 శాతం పోతేనే సాయం: హెక్టారుకు 22,500 రూపాయలు, అదీ రెండు హెక్టార్ల వరకే. అంటే ఎకరానికి సుమారు 9,000. కాపుకొచ్చిన మామిడి చెట్లకు ఇదీ ధర! 30 శాతం దగ్గర ఆరిపోయే నిప్పంత దుర్మార్గం మరొకటి లేదు. ఫైరింజన్ తొందరగా వచ్చిందంటే రైతు మునిగినట్టే. అవే లెక్కల్లో చేనేత కార్మికుడి పనిముట్లు పోతే 5,000 ఇస్తారట. కానీ సిరిసిల్లలో కాలేవి మరమగ్గాలు.

నిర్లక్ష్యంగా నిప్పు పెట్టినవాడికి భారతీయ న్యాయ సంహిత 287వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా 2,000 దాకా జరిమానా, లేదా రెండూ. తోటలో ఒక్క చెట్టు కాపు అంతకంటే ఎక్కువే.

తోట కాలినోళ్లకు ఒక్క మాట. బూడిద మీద అప్పుడే నాగలి పెట్టకండి. ఫొటోలు తీసుకోండి. ఠాణాలో ఫిర్యాదు, ఫైర్ స్టేషన్ రిపోర్టు, తహసీల్దారు పంచనామా మూడూ కాగితం మీదే అడగండి. అగ్నిబీమా ఉంటే క్లెయిం 15 రోజుల్లోపు రాసివ్వండి. ఫోన్లో చెప్పినదానికి ఏ ఆఫీసులోనూ ఇన్‌వర్డ్ నంబరు పడదు.