దినకరు కన్ను: టీకా తాత్పర్య సహితం

మూలం (ఆటవెలది)

చీకటింట జూడ చెడిపోయెనని తోచు
నెండలోన నిలుప నేమి లేదు
దేవుడడ్డు నిలిచె దినకరు కంటికి
కొనకు కొత్తదింక కొంచెమాగు

అవతారిక: మిట్టమధ్యాహ్నం ఎండ మొహాన కొడుతుంటే ఆటోమేటిక్ ఏసీ ఫ్యాను సన్నగా తిరుగుతోందని షెడ్డుకు వచ్చిన ఒక గృహస్థుకు మెకానిక్కు చేసిన ఉపదేశమిది. చేత్తో తిప్పుకునే ఏసీ గలవారు ఈ శాస్త్రానికి అధికారులు కారు. సాధారణంగా వారి బళ్లకు ఈ కన్నే ఉండదు.

ప్రతిపదార్థం: చీకటింటన్ = రేకుల షెడ్డులో; చూడన్ = ఆటో బటనూ, లోపలిగాలి బటనూ కలిపి నొక్కిపట్టి తాళం తిప్పగా; చెడిపోయెన్ అని తోచున్ = పాత టొయోటాలలో 21 అనీ, స్కానరు తగిలిస్తే బి1421 అనీ కనబడును; ఎండలోన నిలుపన్ = బండిని నాలుగు గజాలు బయటికి తోయగా; ఏమి లేదు = ఆ అంకె మాయమగును; దేవుడు = డ్యాష్‌బోర్డు మీద అతికించిన స్వామి; దినకరు కంటికి = ఎండను కొలిచే సెన్సరుకు; అడ్డు నిలిచెన్ = నీడ పట్టెను. నాలుగో పాదం స్పష్టం. స్పష్టమైనదాన్నే జనం వినరు.

తాత్పర్యం: చీకట్లో చూసి సెన్సరు పోయిందని తీర్మానించకుము.

విశేషాలు: ముందు అద్దం కింద, డ్యాష్‌బోర్డు పైన గుండీ అంత నల్లటి బుడిపె ఉంటుంది. లోపల ఫొటోడయోడు. వెలుగు పడితే దానిలో కరెంటు పారుతుంది. ఎండ ముదిరేకొద్దీ ఎక్కువ పారుతుంది. ఏసీ కంట్రోలరు దాన్ని చూసి, బయటి వేడి, లోపలి వేడి చెప్పే సెన్సర్ల మాటతో కలిపి, ఎంత చల్లటి గాలి ఎంత జోరుగా వదలాలో లెక్క కడుతుంది. చీకట్లో కరెంటు దాదాపు సున్న. తీగ తెగినా సున్నే. రెండింటికీ తేడా తెలియని కంట్రోలరు 21 అంటుంది. చీకటిచోట పరీక్షిస్తే ఈ అంకె రావచ్చునని ఆ బళ్ల మరమ్మతు పుస్తకంలోనే ఉంది. అది చదివినవారు తక్కువ. ఒకదాన్ని చూసి మరొకటనుకోవడం గనుక ఇక్కడ అలంకారం భ్రాంతిమంతం.

పూర్వపక్షం: "షెడ్డులో ట్యూబులైటు వేశాంగదా, చీకటెక్కడిది?" చెల్లదు. ఈ కన్ను వెతికేది ఎండలో దండిగా ఉండే పరారుణ కిరణాలను. ట్యూబులైటులో, ఎల్‌ఈడీలో అవి లేనట్టే. వాటి కింద మనకు పేపరు చదవడానికి వీలవుతుంది గాని దీనికి అమావాస్యే. ఎండ దొరకనప్పుడు పాతకాలపు ఫిలమెంటు బల్బును బుడిపెకు 30 సెంటీమీటర్ల లోపు పట్టి చూడాలి.

ఇక మూడో పాదం. పద్యానికి ప్రాణం ఇదే. సెన్సరున్న చోటే మనవాళ్లకు పవిత్రస్థలం. వెంకటేశ్వరస్వామి, ఆయన ముందు నిమ్మకాయ, పక్కన టోల్‌గేటు రసీదు, అన్నిటి కిందా మఖమల్ గుడ్డ. గుడ్డ కింద కన్ను. రోహిణి కార్తెలో బెజవాడ బైపాసు మీద పోతున్నా కంట్రోలరుకు సంధ్యవేళే, ఫ్యాను నెమ్మదిస్తుంది. కొన్ని బళ్లలో కుడి ఎడమలకు రెండు కళ్లుంటాయి. స్వామి ఒకదాన్నే మూస్తే ఆ వైపు కూర్చున్నవారు ఉడుకుతారు, అవతలివారు శాలువా అడుగుతారు; భార్యాభర్తల తగవులో ఎవరి తప్పూ లేని అరుదైన సందర్భమిది. దీపాలు వాటంతటవే వెలిగే బళ్లలో ఆ పని చేసే సెన్సరు కూడా చాలాసార్లు ఈ బుడిపెలోనే ఉంటుంది. పట్టపగలు హెడ్‌లైట్లు వెలిగితే ముందు గుడ్డ ఎత్తి చూడండి. స్వామిని జానెడు పక్కకు జరపడానికి ముహూర్తం అక్కర్లేదు.

"ఏసీ అసలు చల్లబడకపోవడమూ దీని దోషమే" అని ఒక వ్యాఖ్యాత రాశాడు. అది అపవ్యాఖ్య. ఈ కన్ను ఇచ్చేది సవరింపు మాత్రమే. చల్లదనం బొత్తిగా రాకపోతే గ్యాసు చూడాలి, కంప్రెసరు చూడాలి, దుమ్ము పట్టిన కండెన్సరు చూడాలి.

పాఠాంతరం: విడిభాగాల దుకాణాల ప్రతుల్లో "కొనకు" అన్నచోట "కొనుము" అని ఉంది. ఛందస్సుకు భంగం లేదు, జేబుకే. అయినా ఆ పాఠాన్ని పూర్తిగా తోసిపుచ్చలేం. నెత్తిన ఎండ ఉండగా, బుడిపె మీద ఏ అడ్డూ లేకుండా, పాత అంకెను చెరిపేసి చూసినా 21 మళ్లీ వస్తే, ముందు కనెక్టరు ఊడిందేమో, వైరు తెగిందేమో మీటరు పెట్టి చూడాలి. అవి బాగుంటే సెన్సరును విప్పి, గుడ్డ కప్పి ఒకసారి, తీసి ఒకసారి కొలవాలి. రెండుసార్లూ మీటరు ఒకే మాట చెబితే "కొనుము" అన్నదే గ్రాహ్యం.