సంతృప్తిగా ఉంటే ఒకటి నొక్కండి

ఏలినవారికి మామీద ఈమధ్య ప్రేమ ముంచుకొచ్చేసిందండి. ఫోన్ మోగుతుంది, ఎత్తితే రికార్డు చేసిన గొంతు. బస్సు సేవలు ఎలా ఉన్నాయి? సంతృప్తిగా ఉంటే ఒకటి నొక్కండి, లేకపోతే రెండు. బస్సే రాని ఊరివాడు ఏది నొక్కాలో ఆ గొంతు చెప్పదు. పైగా 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి బస్సెక్కితే టిక్కెట్టు లేదు. మంచిదే. గోదారి పాయల మధ్యనున్న మా లంకల్లో ఎక్కడానికి బస్సూ లేదు. రెండిటికీ చెల్లు.

ఫోనులో కుదరకపోతే సోమవారం అమలాపురం కలెక్టరేట్ ఉంది. అక్కడ అర్జీలు పుచ్చుకునే కార్యక్రమానికి ప్రభుత్వం మారినప్పుడల్లా బారసాలే. మీకోసం అన్నారు. స్పందన అన్నారు. 2023లో జగనన్నకు చెబుదాం అన్నారు. ఇప్పుడు ప్రజా సమస్యల పరిష్కార వేదిక అంటున్నారు. ఫ్లెక్సీ మారుతుంది, అర్జీ మారదు. లంకవాడు పైన తేదీ ఒక్కటి దిద్దుకుంటే సరి.

ఆ అర్జీ కలెక్టరేట్‌కి ఎలా వస్తుందో చూడండి. వరద తగిలితే బూరుగులంక రేవులో తాత్కాలికంగా వేసిన బాట కొట్టుకుపోతుంది. మనిషి చెప్పులు చేతబట్టుకుని, పంచె ఎగ్గట్టి బురదలో దిగుతాడు. అర్జీ తడవకుండా పాలిథిన్ కవరులో పెట్టి జేబులో దోపుకుంటాడు. పడవ దిగి, గట్టెక్కి, షేరాటోలో డ్రైవరు పక్కన సగం ఒళ్లు బయటపెట్టి కూర్చుని పి.గన్నవరం చేరతాడు. అక్కణ్ణుంచి అమలాపురం. వరసలో నిలబడి "వంతెన కావాలండి" అని కాగితం ఇస్తే చేతిలో రశీదు పెడతారు. కొన్నాళ్లకి ఫోనులో మెసేజీ: మీ అర్జీ పరిష్కరించబడినది. అంటే వేరే ఆఫీసుకి పంపించారని. అది చదువుకుంటూ మళ్లీ అదే పడవెక్కుతాడు.

అడక్కుండా చేసే పనులు మాత్రం చకచకా అయిపోతాయండి. కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లో రైలు వచ్చింది. 1940లో యుద్ధానికి ఇనుము కావాలని పట్టాలు పీకేశారు. అప్పుడు గ్రామసభ పెట్టలేదు, అభిప్రాయ సేకరణ చేయలేదు. ఆ పట్టాలు తిరిగి వేయడానికి 2004 దాకా పట్టింది. పీకడానికి తెల్లదొర ఉత్తర్వు ఒక్కటి చాలింది, వేయడానికి అరవై నాలుగేళ్ల వినతిపత్రాలు కావాల్సి వచ్చాయి.

దానికి కొనసాగింపు కోటిపల్లి–నరసాపురం లైను, యాభై ఏడు కిలోమీటర్లు. మా బాలయోగి గారు లోక్‌సభ స్పీకరుగా ఉండగా మంజూరైంది. గోదారి పాయలు గౌతమి, వైనతేయ, వశిష్ఠ మూడూ దాటాలి. ఖర్చులో నాలుగో వంతు రాష్ట్రం పెట్టుకోవాలన్నారు. ఇక ఆ వాటా దగ్గర కేంద్రం, రాష్ట్రం "తమరు ముందు" అంటే "తమరు ముందు" అనుకున్నాయి. ఈలోగా ఒక తరం పుట్టి, పెరిగి, ఇంజనీరింగ్ చదివి హైదరాబాద్ వెళ్లిపోయింది. సభ మొత్తాన్నీ కూర్చోబెట్టే కుర్చీలో ఉన్నాయన అడిగితేనే ఇన్నేళ్లయితే, లంకవాడు రెండు నొక్కితే ఎన్నేళ్లో మీరే లెక్కేసుకోండి.

రైలు సంగతి అలా ఉంచండి. సఖినేటిపల్లి రేవులో నిలబడితే ఏటికి ఎదురుగా నరసాపురం కనబడుతుంది. మోటారుసైకిలుతో సహా పంటెక్కాలి, లేదా చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరగాలి. ఏరు దాటే పని లేనివాడికీ సుఖం లేదు. అమలాపురంలో నడిచేవాడికి డ్రైనేజీ మీది పలకే ఫుట్‌పాత్. దాని మీద షాపు బోర్డు, బోర్డు పక్కన బండి, బండి పక్కన బజ్జీల బాండీ. ఇక కాలువగట్టు రోడ్డు మీద సైకిలు తొక్కే పిల్ల, ఎదురుగా కొబ్బరికాయల లారీ వస్తే ఓ కాలు అంచున ఆనించి ఊపిరి బిగబడుతుంది. వెనక కాలువ. ఆ పిల్లని ఏ సర్వేవాడూ ఆపి అడగలేదు.

2018 జూలై 14న పశువుల్లంక దగ్గర బడిపిల్లలున్న పడవ బోల్తాపడింది. తగిలింది దేనికనుకున్నారు? కడుతున్న వంతెన స్తంభానికి. కొందరు పిల్లలు ఇంటికి చేరలేదు. వంతెన ఆలస్యమైతే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా అభిప్రాయం ఇంకేం కావాలండి?

కనుక కొత్తగా మమ్మల్నేమీ అడక్కండి. పాత అర్జీల కట్టలు విప్పండి. ప్రతి రేవులోనూ ఒక బోర్డు పెట్టండి: ఏ వంతెన, ఎంత డబ్బు, ఎవరి బాధ్యత, ఏ తేదీకి పూర్తి. తేదీ తప్పితే ఎందుకు తప్పిందో దాని కిందే రాయండి. చెయ్యలేనిదుంటే "చెయ్యలేం" అని రాయండి, ఆయ్, దాన్నీ తట్టుకుంటాం. గోదారోళ్లం కదండీ, లేదని మర్యాదగా చెబితే నొచ్చుకోం. పిలిచి పీటేసి, కూరలేం కావాలని అడిగి, విస్తరెయ్యకుండా చెయ్యి కడుక్కోమంటేనే కడుపు మండేది.