గంప ఎత్తడం రాని తల్లి

పుట్టింది తెనాలిలో, పంతులు ఉద్యోగం చేసింది బాపట్లలో, రిటైరయ్యాక ఉంటున్నది రేపల్లెలో. ఈ మూడు ఊళ్ల మాటా నా చెవుల్లో ఉంది. అందుకే సాయంత్రం ఏడింటికి ఇంట్లో సీరియల్ మొదలైతే లేచి అరుగు మీదికి వెళ్లిపోతాను.

మొన్నామధ్య వెళ్లలేక చూశాను. కథ సూర్యలంక ఒడ్డున. చేపలమ్ముకుని పిల్లల్ని సాకే తల్లి పాత్ర. ఆ పాత్ర వేసిన అమ్మాయి మొహానికి నల్లరంగు పూశారు, ఆ రంగు మెడ దగ్గరే ఆగిపోయింది. నెత్తిన గంప పెట్టారు. ఏనాడూ బరువు మోసిన మెడ కాదని గంప ఊగడంలోనే తెలిసిపోతోంది. పెదవులొకరివి, గొంతొకరిది. ఆ గొంతుకైనా ఒక ఊరుందా అంటే అదీ లేదు. కాసేపు పుస్తకం చదివినట్టు, కాసేపు ‘ఏందిరా’ అని ఊరికే అరిచినట్టు. ‘ఏందిరా’ అంటే గుంటూరు మాట అయిపోతుందని వీళ్లకెవరు చెప్పారో! మా కోడలు ‘బాగానే చేసింది కదా మామయ్యా’ అంది. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

మా రోజుల్లో ఇలా ఉండేది కాదు. మా నాన్న తెనాలి రామవిలాస సభ నాటకాలు చూసి పెరిగిన మనిషి. స్థానం నరసింహారావు గారి పేరెత్తితే చాలు, చేతిలో పని ఆపేసేవారు. బాపట్లలో 1902లో పుట్టిన మగమనిషి. సత్యభామ, చింతామణి, రోషనార, మధురవాణి, అన్నీ ఆడవేషాలే. సత్యభామగా ఒకే పల్లవి మళ్లీ మళ్లీ ఎత్తుకుని, ఎత్తుకున్న ప్రతిసారీ కొత్త భావం పలికించేవారట. ఆడవాళ్లు ఆయన కట్టూ నడకా చూసి ఇంటికి పోయి అద్దం ముందు నిలబడేవారని నాన్న చెప్పేవారు. 1956లో పద్మశ్రీ ఇచ్చారు. ఆడవాళ్లను స్టేజీ ఎక్కనివ్వని కాలం కాబట్టి మగవాళ్లకు ఆ వేషాలు దక్కాయి, ఆ కట్టుబాటు మంచిదని నేను చచ్చినా అనను. కానీ దక్కిన వేషం కోసం ఆ మనిషి పడిన పాటు చూడండి. పక్క జిల్లా ఎన్.టి.రామారావు గారు బెజవాడ కాలేజీ నాటకంలో తొలిసారి నాగమ్మ వేషం వేస్తూ మీసం తియ్యనంటే తోటివాళ్లు మీసాల నాగమ్మ అని పిలిచారు. అంతటివాడికీ అప్పట్లో ఆడవేషం ఒంటికి ఎక్కలేదు. స్థానం వారికి ఎక్కిందంటే ఊరికే ఎక్కలేదు.

అందుకని, చేపలమ్మే పాత్ర చేపలమ్మే మనిషే వెయ్యాలని నేను పట్టుబట్టను. తెనాలి పక్క రావికంపాడు గుమ్మడి గారు రామారావు గారికన్నా నాలుగేళ్లు చిన్న. 1957లో మాయాబజార్లో ఆ రామారావు గారి కృష్ణుడికి అన్నగారు బలరాముడు ఆయనే. ముప్పై ఏళ్లకు పెద్దరికం ఎక్కడి నుంచి తెచ్చుకున్నారు? ఎనిమిదేళ్ల వయసులో ఆ సినిమా చూసినప్పుడు నాకు ఈ ప్రశ్నే రాలేదు, అదీ ఆయన గొప్ప. మా తెనాలి శారద గారిని తీసుకోండి. మూడుసార్లు జాతీయ ఉత్తమ నటి అయితే అందులో రెండు మలయాళ సినిమాలకు, 1968లో తులాభారం, 1972లో స్వయంవరం. తెలుగింటి పిల్ల కేరళ ఇల్లాలై అక్కడివాళ్ల చేత ఔననిపించుకుంది.

నాకు కావలసింది ఇంతే. పాత్ర పుట్టిన ఊరి మనిషైనా అయ్యుండాలి, కాకపోతే ఆ ఊరికి వచ్చి, కూర్చుని, విని నేర్చుకున్న మనిషైనా అయ్యుండాలి. ఇప్పుడు ఈ రెండూ లేవు. పొద్దున విమానం దిగిన పిల్లకి మధ్యాహ్నం రంగు పూసి, సాయంత్రానికి నిజాంపట్నం అమ్మాయిని చేస్తున్నారు. తప్పు ఆ పిల్లది కాదు. నేర్చుకోవడానికి నాలుగు రోజులైనా ఇవ్వని వాళ్లది.

ఆ ఊరి మనిషికే వేషం ఇస్తే ఏమవుతుందో 2020లో మిడిల్ క్లాస్ మెలొడీస్ చూసినవాళ్లకు తెలుసు. కథ కొలకలూరుదీ గుంటూరుదీ. హీరో తండ్రి కొండలరావుగా వేసిన గోపరాజు రమణ గారు కొలకలూరు నాటకాల మనిషి. కొడుకుని తిడుతుంటే మా వీధిలో ఎవరో తలుపు తీసి అరుస్తున్నారేమో అనుకున్నాను. ఎక్కడ ఆగాలో, ఏ మాట మింగాలో, విసుగులో ప్రేమ ఎంత పాలు కలపాలో ఆయనకు ఒకరు చెప్పనక్కర్లేదు. అరవై ఏళ్లుగా సినిమా చూస్తున్నాను, మా వాళ్ల తిట్టు తెరమీద ఇంత తిన్నగా వినబడింది తక్కువసార్లు. ఆ సినిమా తర్వాత ఇలాంటి వాళ్ల కోసం నాటక పరిషత్తులకు వచ్చి వెతుకుతారని ఆశపడ్డాను.

మా రోజులూ మచ్చలేనివేం కాదు. పాలేరు వేషానికి పాలేరు ఇంటి కుర్రాణ్ణి పిలిచిన నాటక సమాజాన్ని నేను చూడలేదు. ఆ కుర్రాళ్లు కింద మట్టిలో కూర్చుని తమ వేషం ఇంకొకడు కడుతుంటే చూసేవాళ్లు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ మనసు బరువెక్కుతుంది. అప్పుడు మేము చేసిన తప్పు ఇప్పటివాళ్లు దిద్దుతారనుకుంటే, ఉన్న సాధన కూడా పోగొట్టుకున్నారు.

మా పక్కింట్లో ఒక నటుడున్నాడు. యాభై దాటాయి. ముప్పై ఏళ్లుగా పరిషత్తు నాటకాలు ఆడుతున్నాడు, నాకు తమ్ముడి వరస. కిందటేడు ఒక సీరియల్ వాళ్లు తెనాలిలో మనుషుల్ని చూస్తున్నారంటే తోడు రమ్మన్నాడు, వెళ్లాను. మూడు గంటలు కూర్చోబెట్టారు. లోపలికి పిలిచి డైలాగ్ అడగలేదు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఫాలోవర్లు ఎంతమంది అని అడిగారు. ఆ మాటకు అర్థం నన్నడిగాడు. చెప్పాను. ‘సరే అన్నయ్యా, పోదాం పద’ అన్నాడు.

సాయంత్రం రేపల్లె బండెక్కాం. నాకు కోపం తగ్గలేదు, వేమూరు దాటేదాకా తిడుతూనే ఉన్నాను. అతను నా వైపు చూడటం లేదు. ఎదురుగా ఖాళీ గంపలు కాళ్ల దగ్గర పెట్టుకుని ఇద్దరు చేపలమ్మే ఆడవాళ్లు బాకీ డబ్బుల గురించి వాదించుకుంటున్నారు. తల వంచుకుని వింటున్నాడు. భట్టిప్రోలు వచ్చేసరికి అతని పెదవులు మెల్లగా కదులుతున్నాయి. పెద్దావిడ మాట ఎక్కడ విరిచిందో అక్కడే విరుస్తూ, తనలో తానే అనుకుంటున్నాడు.