పావు పిక్సెల్ లెక్క

నేనో గ్రాఫిక్స్ కార్డును, నన్ను జీఫోర్స్ 8600 జీటీ అంటారు. 2007 ఏప్రిల్‌లో మేం మార్కెట్లోకి వచ్చినప్పుడు అందరూ అడిగింది ఒకటే: ఆటలు ఎంత వేగంగా ఆడిస్తుంది? ఆ పరీక్షలో నాకు మార్కులు తక్కువే. అంతకుముందు నవంబరులో వచ్చిన మా పెద్దన్న 8800 జీటీఎక్స్‌కి 128 షేడర్ కోర్లుంటే నాకు 32. అయితే అన్నకు చేతకాని పని ఒకటి నాకు వచ్చు. హెచ్.264 వీడియోను మొదటి బిట్ నుంచి చివరి పిక్సెల్ దాకా నేనే విప్పుతాను. నా కథంతా అదే.

సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో నన్ను కొన్న అబ్బాయి ఇంట్లో ఉన్నది పెంటియం 4, దానిమీద లైనక్స్. హెచ్‌డీ సినిమా పెడితే బొమ్మ ఆగి ఆగి కదిలేది. "ఏరా, మాట ముందొచ్చేస్తోంది, నోరు తర్వాత కదుల్తోంది" అనేది వాళ్లమ్మ. "ప్రాసెసర్ అందుకోలేకపోతోందమ్మా" అనేవాడు.

పాపం ప్రాసెసర్‌ను అనడానికి లేదు. ఫ్రేముకు 20,73,600 పిక్సెళ్లు, సెకనుకు 24 ఫ్రేములు. ఉన్నదున్నట్టు పంపితే సెకనుకు ఏడున్నర కోట్ల బైట్లు కావాలి. బ్లూరేలో వీడియోకి దక్కే గరిష్ఠ వాటా అరకోటి బైట్లే. మిగిలినదంతా ప్రతి సెకనూ లెక్కకట్టి మళ్లీ పుట్టించాల్సిందే.

అందులో అన్నిటికన్నా మొండి ఘట్టం మొదట్లోనే ఉంటుంది. బిట్లను కాబాక్ అనే పద్ధతిలో కుదించి పంపుతారు. ఒక బిట్ అర్థం తేలితేగాని తర్వాతిదాని అర్థం తెలియదు. చిక్కుపడ్డ దారాన్ని కొస పట్టుకుని విప్పుకుంటూ రావడమే, మధ్యలో అందుకునే వీల్లేదు. అందుకే వందమందిలా పక్కపక్కన కూర్చుని పనిచేసే షేడర్ కోర్లు ఇక్కడ అక్కరకు రావు. ఈ ఒక్క పనికోసమే నాలో విడిగా ఒక సర్క్యూట్ పెట్టారు. ఆటల మార్కులు వేసినవాళ్లు దానికేసి చూడనే లేదు.

ఆ తర్వాతది నాకు ఇష్టమైన పని. ఫ్రేమును 16×16 పిక్సెళ్ల గళ్లుగా చూస్తాను, మొత్తం 8,160 గళ్లు. తెరమీద బస్సు వెళుతుంటే దాన్ని ప్రతిసారీ కొత్తగా గీయను. పోయిన ఫ్రేములో ఇక్కడున్న ముక్క ఎంత జరిగిందో ఫైలు చెబుతుంది, పావు పిక్సెల్ తేడాతో సహా. నేను ముక్క తెచ్చి అతికించి, గళ్ల అంచులు కనబడకుండా నునుపు చేస్తాను. బస్సు తేలిక, దాని వెనక లేచే దుమ్ము కష్టం. ఆ దుమ్ము పోయిన ఫ్రేములో ఎక్కడా అలాగే ఉండదు, తెచ్చుకోవడానికేమీ దొరకదు. అక్కడ ఫైల్లో బిట్లు ఒక్కసారిగా పెరుగుతాయి. ఆ దుమ్ము మసకబారకుండా చూపించిన ప్రతిసారీ నాకు గర్వంగా ఉంటుంది. తయారైన ఫ్రేము నా మెమరీలోనే ఉండి, రంగులు మార్చుకుని అటునుంచటే తెరమీదికి వెళుతుంది, ప్రాసెసర్ గడప తొక్కదు.

ఇంత పనితనమున్నా లైనక్స్‌లో నన్ను పిలిచే దారి ఉండేది కాదు. 2008 నవంబరులో ఎన్‌విడియా వీడీపీఏయూ పేరుతో ఆ దారి విడుదల చేసింది. అబ్బాయి ఎంప్లేయర్ అనే వీడియో ప్లేయర్‌ని దానికి తగ్గట్టు కట్టుకుని, అమ్మ సినిమా పెట్టి, ఏ ప్రోగ్రాం ప్రాసెసర్‌ను ఎంత వాడుతోందో చూపే 'టాప్'ను పక్క కిటికీలో తెరిచాడు. ఎప్పుడూ జాబితాలో పైన ఉండి ప్రాసెసర్ మొత్తాన్నీ మింగే ఎంప్లేయర్ కిందికి జారిపోయింది. వాడు టాప్‌నే చూస్తూ కూర్చున్నాడు. అమ్మ మాత్రం సినిమాలో మునిగిపోయింది, ఈసారి మాటా నోరూ కలిసే వచ్చాయి.

నాకు తెలిసింది సిలికాన్‌లో చెక్కినదే, కొత్తది నేర్చుకోలేను. పది బిట్ల రంగుతో హెచ్.264 వస్తేనే నాకు సాధ్యం కాలేదు. 2013లో వచ్చిన హెచ్ఈవీసీ 64×64 గళ్లతో లెక్క వేస్తుంది, నా సర్క్యూట్‌కి 16 దాటి ఊహ లేదు. ఈ ఫైలు విప్పగలవా అని ప్లేయర్ అడిగితే నా తరఫున డ్రైవరే విప్పలేనని చెబుతుంది. అప్పుడు పని ప్రాసెసర్‌దే. ఇప్పుడున్నది నాలుగు కోర్లది, తేలిగ్గా లాక్కొస్తుంది. అది విప్పిచ్చిన ఫ్రేముకు తెరకు సరిపడా సైజూ రంగూ కట్టిస్తాను.

నాకు పనికొచ్చే 340 వరస డ్రైవర్లకు 2019తో మద్దతు ఆగిపోయింది. ఆ డ్రైవర్ పనిచేస్తూ ఉండాలని అబ్బాయి ఆ కంప్యూటర్లో లైనక్స్ కెర్నెల్ మార్చకుండా పాతదే ఉంచాడు. అమ్మ దాచుకున్న సినిమాలన్నీ హెచ్.264 ఫైళ్లే, అవి ఇంకా నాకే వస్తున్నాయి.