సర్వే సారు

ఎండాకాలం వచ్చిందంటే భద్రాచలం నుంచి దుమ్ముగూడెం, చర్ల వైపు పోయే బస్సుల్లో సర్వే సారు తగులుతారు. భుజాన గుడ్డసంచీ, అందులో లావుపాటి ప్రశ్నావళి, నోట్లో ‘క్షేత్రస్థాయి వాస్తవికత’. ఆయన ప్రత్యామ్నాయ ఆర్థికవేత్త. కాలేజీల్లో గీసే గిరాకీ, సరఫరా గీతలంటే ఒళ్లు మంట. మనుషుల్ని వదిలేసి సమీకరణాలు పట్టుకు వేలాడుతున్నారని ఆయన ఫిర్యాదు. అందులో న్యాయం లేకపోలేదు.

1974లో పుచ్చలపల్లి సుందరయ్య గుంటూరు జిల్లా అనంతవరంలో సర్వే చేయించారు. భూమి ఎవరి చేతిలో ఉంది, కూలికి ఎవరు పోతున్నారు అని లెక్క తీయించారు. ముప్పై ఏళ్ల తర్వాత పరిశోధకులు అదే ఊరికి మళ్లీ వెళ్లారు. ఉపన్యాసం ఏదైనా సారు అనంతవరం మీదుగానే వెళ్తారు. కాకపోతే ఆయన పేపరుకు ముగింపు ఖమ్మంలోనే తయారైపోతుంది. అడవిలో దొరకాల్సింది పట్టిక మాత్రమే.

జాతీయ శాంపుల్ సర్వే అంకె తన వాదానికి అడ్డొస్తే ‘పాలకవర్గాల బూటకం’. అదే సర్వేలో ఇంకో పేజీ కలిసొస్తే ‘ప్రభుత్వమే ఒప్పుకున్న చేదు నిజం’. ఆస్ట్రియన్ అర్థశాస్త్ర బడి పెద్ద మీసెస్ అంటే సారుకు పడదు. అనుభవంలోంచి తెచ్చిన అంకెలు ఆర్థిక సిద్ధాంతాన్ని నిలబెట్టవు, పడగొట్టవు అని మీసెస్ బాహాటంగానే అన్నాడు. సారు ఆ మాట అనరు, ఆచరిస్తారు.

మొన్న ఒక కోయగూడెంలో తునికాకు కట్టలు కడుతున్న ఆమె ముందు కూర్చున్నారు.

“అక్కా, నువ్వు రైతువా, కూలీవా?”

“వానకాలం పోడు జేస్తం సారూ. మిరపకోతలప్పుడు కూలికి పోతం. ఎండలు ముదిరితే ఇప్పపువ్వు, దాని ఎనక తునికాకు.”

“అవన్నీ కాదక్కా. ఏదో ఒకటి చెప్పు, టిక్కు పెట్టాలి.”

“ఏ నెలకు చెప్పమంటవు?”

మాట్లాడుతున్నా ఆమె చెయ్యి ఆగలేదు. కట్టకు 50 ఆకులు. తక్కువ పడితే ఆకు లెక్క చూసే కల్లేదారు పక్కన పడేస్తాడు, ఆ మేరకు కూలి పోయినట్టే. సారు లెక్క తప్పితే పేజీ అడుగున ఒక ఫుట్‌నోట్ పడుతుంది.

పోనీ పాత సర్వేతో పోలుద్దామంటే ఇంకో చిక్కు. కూనవరం, చింతూరు మండలాలు పోలవరం ప్రాజెక్టు కోసం 2014లో ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. భద్రాచలం, చర్ల 2016లో ఖమ్మం జిల్లా నుంచి విడిపోయి భద్రాద్రి కొత్తగూడెంలో చేరాయి. ఇల్లు కదలకుండానే జనం పట్టికలు మారారు. ‘ఖమ్మం జిల్లాలో గిరిజన జనాభా పతనం’ అని సారు సగం పేపరు రాసేశాక గానీ ఒక శిష్యుడు ఈ సంగతి చెవిన వేయలేదు. సారు తడబడితేగా!

“చూశావా, పోలవరం కోసం రాజ్యం మనుషుల్నే కాదు, నా శాంపుల్‌ని కూడా నిర్వాసితం చేసింది.”

కట్టలు కట్టే అక్కను చివరికి ‘ఇతరులు’ గడిలో వేశారు. పక్కింటామె కూడా అదే జవాబు చెప్పింది. సాయంత్రానికి గూడెమంతా అందులోనే పడింది. ఆ తర్వాత హైదరాబాద్ సదస్సులో సారు చదివిన పత్రం పేరు ‘సరిహద్దు అడవుల్లో ఇతరులు: ఒక కొత్త వర్గం ఆవిర్భావం’. చప్పట్లు బాగానే పడ్డాయి.