సలహాకు తేమ శాతం లేదు

బందరు రోడ్డు మీద, కంకిపాడులో ఇంకో కన్సల్టెన్సీ బోర్డు లేచింది.

పెట్టుబడి: గ్లాసు తలుపు, తిరిగే కుర్చీ, వినాయకుడి పటం.

సరుకు: సలహా.

రైతు వడ్లు తెస్తే తేమ 17 శాతం దాటిందని కొర్రీ వేస్తారు. సలహాలో తేమ కొలిచే మిషను ఇంకా రాలేదు.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కి ప్రభుత్వం పైసా తీసుకోదు. జీఎస్టీ నంబరుకూ అంతే. ఆ ముక్క చెప్పడానికి మాత్రం ఫీజుంది.

మరి ప్రొప్రైటరు గారు తన కాగితాలు తానే పెట్టుకున్నారా? రామ రామ! బెంజి సర్కిల్ దగ్గర ఇంకో కన్సల్టెంటు చేత పెట్టించుకున్నారు.

ఏడాదికి 20 లక్షలు దాటేదాకా ఇలాంటి కొట్టుకు జీఎస్టీ అక్కర్లేదు. ఈయన మొదటి రోజే తీసుకున్నారు. బోర్డు మీద నంబరుంటే నిండుగా ఉంటుందట!

ఇప్పుడు బోణీ లేకపోయినా రిటర్ను వేయాలి. దానికీ బెంజి సర్కిలే.

(అక్కడాయన మటుకు బాగానే ఉన్నాడు.)

నిన్న మొదటి పార్టీ వచ్చాడు. కుర్చీ తుడిచి కూర్చోబెట్టారు, టీ చెప్పారు.

"ఉయ్యూరులో కన్సల్టెన్సీ పెడదామనుకుంటున్నానండీ. ఏమైనా మిగులుతుందంటారా?"

ప్రొప్రైటరు గారు మొదటిసారి ఉచితంగా సలహా ఇచ్చారు.