బ్రెండన్ కార్ దొరవారికి బందరు పాఠకుని విన్నపము

అమెరికా సంయుక్త రాష్ట్రముల ప్రసార నియంత్రణ సంఘమైన ఎఫ్.సి.సి.కి అధ్యక్షులై వెలుగొందుచున్న మహారాజరాజశ్రీ బ్రెండన్ కార్ దొరవారి సముఖమునకు, కృష్ణాజిల్లా మచిలీపట్టణ వాస్తవ్యుడును, కోనేరు సెంటరులోని టీకొట్టు బల్లపై ఒకదానితో ఒకటి పడని రెండు దినపత్రికలను ప్రతిదినము ఆమూలాగ్రము చదువు అలవాటు గలవాడును, ఛాందసుడని ఇంటిలోని పిల్లలచేత నిత్యము అనిపించుకొనువాడునగు ఒక పాఠకుడు చేయు విన్నపములు.

తమ యధికారము ఆకాశమున సంచరించు ప్రసార తరంగములపైనే గాని అచ్చుకాగితముపై చెల్లదనియు, అదియు అమెరికా ఆకాశమునకే గాని బంగాళాఖాతపు గట్టుదాక రాదనియు నేనెరుగనివాడను గాను. కాని చుట్టరికము గలచోట చొరవ సహజము. 2024 జులైలో వాన్సుగారిని ఉపాధ్యక్ష పదవికి రిపబ్లికను పార్టీ నిలిపిన దినమున, ఆయన ధర్మపత్ని చిలుకూరి ఉషగారి పూర్వీకులది మా ఉయ్యూరు మండలములోని సాయిపురమని మావారును, కాదు, పశ్చిమగోదావరిలోని వడ్లూరని ఆ జిల్లావారును పట్టుబట్టగా, టీవీవారి కెమెరాలు రెండూళ్లకును పరుగెత్తినవి. ఆ దంపతులు 2025 ఏప్రిలులో ఢిల్లీ, జయపురము, ఆగ్రా చూచి మరలిపోయిరే గాని ఇటువైపు తొంగిచూడలేదు. అయినను అమెరికా రాజకీయము మా టీకొట్లలో ఇంటిగొడవయై కూర్చున్నది.

వార్తల పక్షపాతమును గూర్చి తమ దేశపు సంప్రదాయవాదులు అర్ధశతాబ్దికి పైగా చేయుచున్న ఫిర్యాదులో న్యాయము కలదని ముందుగానే ఒప్పుకొనుచున్నాను. 1969 నవంబరు 13వ తేదీన అయోవా రాష్ట్రపు డెమోయిన్ పట్టణమున ఉపాధ్యక్షుడు స్పైరో ఆగ్న్యూ లేచి, న్యూయార్కు వాషింగ్టనులలో కాపురముండి ఒకరి యభిప్రాయమును మరియొకరు బలపరచుకొను కొద్దిమంది, రాత్రివేళ దేశమంతయు ఏ వార్త చూడవలెనో నిర్ణయించుచున్నారని గర్జించినాడు. నాలుగేండ్లకే పన్నుల ఎగవేత వ్యవహారములో ఆయన పదవి పోయినది గాని, ఆ మాటలోని సారము ఆయనతో కూడ పోలేదు. 2004లో ఎన్నికలకు రెండు నెలల ముందు సి.బి.ఎస్. సంస్థ డాన్ రాథర్ నోట, చిన్న బుష్షుగారి సైనికసేవను గూర్చి వెలువరించిన పత్రములు నిజమైనవేనని తాను రుజువు చేయజాలనని, కొలది దినములకే ఆ సంస్థయే చెప్పుకొనవలసివచ్చినది. చర్చికి పోవు రైతును, వేటతుపాకి దాచుకొను వడ్రంగిని ఏదో దీవిలో కొత్తగా బయటపడిన జాతివలె వర్ణించు వ్యాసములు చదివినప్పుడు, ఒహాయో ముఖమెరుగని నాకే ఒడలు మండును. గాలప్ సంస్థవారు 1976లో అడిగినప్పుడు నూటికి 72 మంది వార్తామాధ్యమములయందు నమ్మకము కలదనిరి. 2025లో అడుగగా ఆ మాట యన్నవారు 28 మంది. రిపబ్లికనులలోనైతే నూటికి 8 మంది. ఇంత పరపతి పోగొట్టుకొనుట శత్రువుల దుష్ప్రచార మొక్కదానిచేత అగు పనిగాదు. పత్రికలవారును స్వయముగా కొంత శ్రమపడియుండవలెను.

మా జిల్లాలో ఈ వ్యవహార మెట్లుండునో చిత్తగింపుడు. 1974లో ఈనాడు పత్రికను స్థాపించిన రామోజీరావుగారిది గుడివాడ ప్రాంతమున పెదపారుపూడి. 1983లో గుడివాడలో గెలిచి ముఖ్యమంత్రియైన నందమూరి తారకరామారావుగారిది ఆ చేరువనే నిమ్మకూరు. ఆ యెన్నికలలో ఆ పత్రిక ఎవరి వెంట నడిచినదో తేల్చుటకు పరిశోధకులు అక్కరలేదు. పిమ్మట రాజశేఖరరెడ్డిగారు సభలలో 'ఆ రెండు పత్రికలు' అని పేరెత్తకయే దులిపివేయుచుండగా, 2008లో ఆయన కుమారుని ఆధ్వర్యమున సాక్షి వెలువడినది. నాటినుండి మాకు ఏ కొరతయు లేదు. ఒకే నాయకుని ఒకే సభ ఒక పత్రికలో జనసంద్రము, రెండవదానిలో ఖాళీ కుర్చీల వరుస. మేము టీ చల్లారకముందే రెండింటిని కూడి సగము చేసి, సభ ఓ మోస్తరుగా జరిగినదని తీర్పు చెప్పుకొందుము. ఇది గొప్పయని నేననుటలేదు. ఒక్క పత్రికయే కొనగలవాని ఇంట ఈ లెక్క సాగదు. కాని మా పత్రికలు కండువా దాచుకొని మేమెవ్వరివారము గామని బొంకవు. తమవారి కోపమంతయు, నాకు తోచినంతవరకు, పక్షము వహించినందుకు గాదు, వహింపలేదని బుకాయించినందుకు.

వ్యాధి నిజమే, కాని తమరు చేతబట్టిన మందు మా అటకమీద చాలకాలముగా నున్నది. 1908లో బెజవాడ స్వరాజ్య పత్రికలో తెల్లదొరతనమునకు రుచింపని వ్యాసము పడినందుకు గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారిని చెరసాలలో పెట్టి పత్రికల వక్రత సవరింపజూచిరి. 2007లో పత్రికలపై కేసులు పెట్టుటకై 938 నంబరు జీవో వచ్చినది. విలేఖరులు వీధికెక్కగా అది పక్కకు పోయినది. 2019 అక్టోబరులో 2430 నంబరు జీవో, తప్పుడు వార్తలపై కేసులు పెట్టు అధికారమును శాఖల కార్యదర్శులకు ఒప్పగించినది. వీటన్నిటికంటె నాజూకైన పద్ధతి 2014 జూనులో తెలంగాణమున కనిపించినది: అక్కడి శాసనసభ్యులను వేళాకోళము చేసిన యొక ఛానెలును, దానితోపాటు మరియొక దానిని కేబులువారు నిలిపివేసిరి, నిలిపినది కేబులువారే గాని తనకేమియు సంబంధము లేదని ప్రభుత్వము చేతులు కడుగుకొన్నది. 2025 సెప్టెంబరులో జిమ్మీ కిమ్మెల్ అను హాస్యగాని విషయమున తమరు ఒక కార్యక్రమములో మాటలాడుటయు, అదే దినము సాయంత్రమునకు స్టేషన్ల యజమానులు తమంతతామే ఆయన ప్రదర్శన మానుకొనుటయు, ఏ.బి.సి. సంస్థ ఆయనను పక్కన పెట్టుటయు చదివినప్పుడు, మా తెలుగువారి పనితనము సముద్రములు దాటినదే యని కొంత గర్వపడితిని. టెక్సాసు సెనేటరు టెడ్ క్రూజుగారు తమ పక్షమువారే. ఈ తీరు గూండాల బెదిరింపువలె నున్నదని ఆయనయే ఆక్షేపించినట్లు చదివితిని. వారము తిరుగకముందే హాస్యగాడు మరల తెరమీదికి వచ్చినాడు.

ఇందులో నాకు మింగుడుపడనిది వేరొకటి. ప్రసారసంస్థలు వివాదాస్పద విషయములలో ఇరుపక్షముల వాదమును వినిపింపవలెనను నియమమును తమ సంఘమే 1949లో నెలకొల్పినది. పెన్సిల్వేనియాలోని రెడ్ లయన్ అను చిన్న ఊరి రేడియోలో ఒక మతప్రచారకుడు ఒక రచయితను దుయ్యబట్టగా, ఆ రచయితకు బదులు చెప్పుకొను సమయ మీయవలెనని 1969లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినప్పుడు, ఆ దెబ్బ తగిలినది సంప్రదాయపక్షపు ప్రసంగీకులకే. ప్రభుత్వపు గుమాస్తా న్యాయాన్యాయములను గడియారము పట్టి కొలుచుట స్వేచ్ఛకు విరుద్ధమని నాడు వాదించినవారిలో తమవారు ముందువరుసలో నుండిరి. 1987లో శాసనముద్వారా ఆ నియమమును నిలుపజూడగా రీగనుగారు ఆ బిల్లును త్రోసిపుచ్చిరి. తమ సంఘము నియమమునే ఎత్తివేసినది. మరుసటి యేడే రష్ లింబా గొంతు దేశమంతట మారుమ్రోగ నారంభించినది. గుమాస్తాను గడపదాటించి తామింతవారైన పక్షమువారే నేడు ఆ గుమాస్తాను పిలిచి, కుర్చీవేసి, కర్రకూడ చేతికిచ్చుట చూచి, సంప్రదాయమన్నచో తాతలమాట నిలుపుట యని నమ్మిన నాబోటి ఛాందసునికి ఏమి చెప్పుకొనవలెనో తెలియకున్నది.

మా యూరిలో 1902లో పుట్టిన కృష్ణాపత్రికకు, 1907 మొదలు 1945లో కన్నుమూయువరకు దివిసీమలోని ముట్నూరివారైన కృష్ణారావుగారు సంపాదకులు. ఆయన పక్షము జగమెరిగినది. జాతీయోద్యమమే ఆయన పక్షము. కాని సాయంకాలము దర్బారు తీర్చినప్పుడు, పొద్దున వ్రాసినదానిని గూర్చి ఆయన మొగము మీదనే వాదింపదలచినవాడు కాలినడకను పోయి కూర్చుండి వాదింపగలిగెడివాడు. తమ దేశమున ఈ వెసులుబాటు పోయినది. 2005 నుండి మూడువేలకు పైగా పత్రికలు అక్కడ మూతపడినవట. వానిలో పెక్కు చిన్న ఊళ్ల వారపత్రికలు. అదియు చాలదన్నట్లు 2025 జులైలో తమ కాంగ్రెసు ప్రజా ప్రసారములకు కేటాయించిన 110 కోట్ల డాలర్లను వెనుకకు తీసికొనగా, ఆ ధనముపై ఎక్కువగా ఆధారపడినవి పల్లెప్రాంతపు రేడియోలే; ఆ పల్లెలలో పెక్కు తమ పక్షమునకు వోటు వేసినవే.

దగ్గరి వార్తకును దూరపు వార్తకును గల తేడా చూడగోరినచో నాగాయలంకకో కృత్తివెన్నుకో విజయము చేయుడు. 2025 ఆగస్టులో మా రొయ్యలవంటి సరుకుపై తమ ప్రభుత్వపు సుంకము 50 శాతమునకు చేరినప్పుడు, అది దేశభక్తియా మూర్ఖత్వమా యని మా పత్రికలు తమ తమ రంగులలో వ్రాయగలిగినవి. కాని వంద కౌంటు రొయ్య కిలో ఎంత పలికినదను చోట మాత్రము అణాపైసలతో సరిగా వ్రాయక తప్పదు. ఏలయన, పట్టుబడికి సిద్ధమైన చెరువు గట్టున కూర్చుండి, ఏరేటర్ల కరెంటు బిల్లును చొక్కాజేబులో పెట్టుకొని, ఏజెంటు ఫోను కొరకు ఎదురుచూచుచున్న రైతు ఆ అంకెను అప్పటికప్పుడే సరిచూచుకొనును. అబద్ధమైనచో మరునాటినుండి పత్రిక మానును. కాన్సాసు రైతుకు ఇట్టి పత్రిక చేతికందిననాడు న్యూయార్కు ఛానెలువాడు ఏమి పలికినను నవ్వుకొని ఊరకుండగలడు. అది లేనినాడు తమరెన్ని లైసెన్సులు బెదిరించినను వాని అనుమానము తీరదు.

కావున దొరవారు ఆ కర్రను కొంతకాలము మూలకు చేర్చి, పల్లెరేడియోల సంగతిని తమ కాంగ్రెసువారి చెవిని వేయవలెననియు, సందు చూచుకొని రొయ్యల సుంకము మాటయు అధ్యక్షులవారితో అనవలెననియు ప్రార్థించుచున్నాను. ప్రత్యుత్తరము దయచేయుదురేని దాని ప్రతిని మా రెండు పత్రికలకును ఒకేసారి పంపవలెను. ఒకదానికే పంపినచో రెండవది అచ్చువేయదు సరిగదా, అట్టి ఉత్తరమే రాలేదని వ్రాయును.

చిత్తగింపవలెను.

ఇట్లు
విధేయుడు,
ఒక బందరు పాఠకుడు